అన్ని దిక్కులకా, ఒక్క దిక్కుకా: రేడియో స్టేషన్ యాంటెన్నా ఎంపిక

శ్రోతలు చుట్టూ సమానంగా ఉంటే అన్ని దిక్కులకూ ప్రసారం చేసే యాంటెన్నాయే మేలు. ఏఎం స్టేషన్‌కి టవరే యాంటెన్నా కాబట్టి ఒక్క టవర్ చాలు, సర్దుబాట్లు తక్కువ. కానీ స్టేషన్ సముద్రపు ఒడ్డున ఉంటే? సగం పవర్ నీళ్ల పాలే. అక్కడ ఒక దిక్కుకే ఎక్కువగా ప్రసారం చేసే డైరెక్షనల్ యాంటెన్నాకే నా ఓటు.

1000 కిలోహెర్ట్జ్ ఏఎం స్టేషన్‌నే తీసుకుందాం. తరంగదైర్ఘ్యం 300 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 75 మీటర్ల ఎడంతో రెండు టవర్లు నిలబెట్టి, రెండింటికీ సమానమైన కరెంటు ఇచ్చి, రెండోదాన్ని 90 డిగ్రీల ఫేజ్ వెనక, అంటే పావు తరంగం ఆలస్యంగా నడిపితే, మొదటి టవర్ నుంచి రెండోదాని వైపు తరంగాలు కలిసి బలపడతాయి. వెనక వైపు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ముందు దిక్కున 10 కిలోవాట్లు దాదాపు 20 కిలోవాట్లలా పనిచేస్తాయి. ట్రాన్స్‌మిటర్ మార్చకుండానే ఇంత లాభం! రాత్రిపూట ఐనోస్ఫియర్ అనే పై వాతావరణ పొర నుంచి తిరిగొచ్చే ఏఎం సిగ్నల్ అదే ఫ్రీక్వెన్సీలోని దూరపు స్టేషన్‌ని చెడగొట్టకుండా ఆపడానికీ ఇదే మార్గం.

ఖర్చు మాత్రం తేలిక కాదు. ప్రతి టవర్ కిందా భూమిలో రాగి తీగలు పరవాలి, ఫేజ్‌ని ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉండాలి. దగ్గర్లో కొత్తగా ఒక సెల్ టవర్ లేచినా అది తిరిగి ప్రసరింపజేసే సిగ్నల్‌తో లెక్క తప్పుతుంది. ఒంటరి టవర్‌కి ఈ బెడద చాలా తక్కువ.

ఎఫ్ఎం సంగతి సులువు: 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 3 మీటర్లే కాబట్టి, సిగ్నల్‌ని ఒక దిక్కుకి మళ్లించే కడ్డీలు (రిఫ్లెక్టర్లు) అదే టవర్‌పై ఇమిడిపోతాయి.