అంటరానితనంపై ప్రజావాణిలో ఫిర్యాదు: కొన్నేళ్లు తిరిగాక నా అభిప్రాయం

తెలంగాణ కలెక్టరేట్లలో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చిన కాగితం ఆఫీసర్‌ను ఊళ్లోకి రప్పిస్తుంది. కేసు మాత్రం నడిపించదు. కొన్నేళ్లుగా మా దళితవాడవాళ్ల వెంట కలెక్టరేట్‌కు తిరుగుతున్న నాకు తేలింది ఇదే. భూమి, పింఛన్ల దరఖాస్తుల గురించి ఇక్కడ రాయడం లేదు. హోటల్లో వేరే కప్పులు, కటింగ్ షాపులో మనవాళ్లకు పని చేయకపోవడం, గుడి మెట్ల దగ్గర ఆపేయడం లాంటి వాటి మీద ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలనుకునే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు మంచి మాట చెప్పుకోవాలి. ఇది పూర్తిగా ఉచితం. లాయర్ అక్కర్లేదు, స్టాంపు పేపర్ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద మన తెలుగులో రాసుకుని సోమవారం కలెక్టరేట్‌కు పోతే చాలు. చదువు రాని మా చిన్నమ్మ కూడా కలెక్టర్ ముందు నిలబడి, తన నోటితో తన సంగతి చెప్పుకుంది. మండల ఆఫీసులో అయితే ఆమెను గడప దాటనిచ్చేవాళ్లు కాదు. ఆంధ్రలోనూ సోమవారమే ఇలాంటిది ఉంది. ఒకప్పుడు స్పందన అనేవాళ్లు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు.

కానీ అసలు సంగతి కలెక్టర్ ముందు కాదు, అంతకు ముందు కౌంటర్ దగ్గరే తేలిపోతుంది. అక్కడ ఆపరేటర్ కాగితాన్ని పైపైన చూసి ఏదో ఒక శాఖ కింద ఎక్కిస్తాడు. మనం ఏమీ అనకపోతే అది రెవెన్యూ కింద పడుతుంది. అక్కడి నుంచి తహసీల్దార్‌కు, తహసీల్దార్ నుంచి గిర్దావర్‌కు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌కు దిగుతుంది. గిర్దావర్ ఊళ్లోకి వచ్చి కూర్చునేది ఎవరి ఇంటి అరుగు మీదో చెప్పక్కర్లేదు కదా. అందుకే మేం ఇప్పుడు దరఖాస్తు మొదటి లైన్లోనే ‘ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదు కోసం’ అని రాస్తాం. కింద ఎస్పీకి, ఎస్సీ అభివృద్ధి శాఖ జిల్లా అధికారికి కాపీలు అని రాసి, ఆ కాపీలు నిజంగానే ఇచ్చి వాటి మీద కూడా ముద్ర వేయించుకుంటాం.

‘మా ఊళ్లో కులవివక్ష ఉంది, చర్య తీసుకోగలరు’ అని రాస్తే ఏ ఆఫీసరూ ఏమీ చేయడు. ఏ రోజు, ఏ టైంకు, ఎక్కడ, ఎవరు ఎవరిని ఏమన్నారు, పక్కన ఎవరున్నారు, అన్నీ ఉండాలి. కులం పేరుతో తిట్టిన కేసైతే పదిమందికి కనబడే, వినబడే చోట జరిగిందా అన్నదే కోర్టు చూస్తుంది. నాలుగు గోడల మధ్య, సాక్షులు లేకుండా అన్న మాట ఆ చట్టంలోని కులదూషణ సెక్షన్ కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. సాక్షుల పేర్లు లేని దరఖాస్తు ఎంత కన్నీళ్లతో రాసినా నిలబడదు.

హోటల్ సంగతి వివరంగా చెబుతాను. బస్టాండ్ దగ్గరి ఆ హోటల్లో స్టీలు గ్లాసులు కౌంటర్ వెనక అరలో ఉంటాయి. మావాళ్లు ఎవరు పోయినా పక్కన ఉన్న డిస్పోజబుల్ కప్పుల దొంతర్లో నుంచి ఒకటి తీసి పోసేవాడు. అడిగితే గ్లాసులు కడగలేదనేవాడు. మా తమ్ముడు ఫోన్లో వీడియో తీశాడు. ఒకే నిమిషంలో ముగ్గురికి స్టీలు, ఇద్దరికి కప్పు. ఆ వీడియో పెన్‌డ్రైవ్‌లో పెట్టి దరఖాస్తుకు జత చేశాం. ఆర్డీవో, ఎస్సై కలిసి వచ్చారు. అందరి ముందు మా పెద్దనాయిన చేతికి స్టీలు గ్లాసులో చాయ్ ఇప్పించి, ఆర్డీవో గారు తనూ పక్కనే కూర్చుని తాగారు. ఆ పూట వాడంతా పండగలా ఉంది, అబద్ధం చెప్పను.

కేసు మాత్రం పెట్టలేదు. ఇకముందు ఇలా చేయనని ఓనర్‌తో ఒక కాగితం రాయించుకుని పోయారు. ఆన్‌లైన్లో మా ఫిర్యాదు ‘పరిష్కరించబడింది’ అని కనిపించింది. కొన్నాళ్లకు హోటల్లో స్టీలు గ్లాసులే తీసేశారు. అందరికీ కప్పులే. మావాళ్లు గ్లాసు ముట్టుకోవడం కన్నా గ్లాసులే లేకపోవడం నయమని హోటల్ వాళ్లు అనుకున్నారన్న మాట. అయినా ఇప్పుడు మా పిల్లలు అదే బెంచీ మీద కూర్చుంటున్నారు, ఎవరూ లేవమనడం లేదు. అందుకే ఈ దారి దండగ అని నేననను.

నాకు కోపం తెప్పించేది మాత్రం రాజీ. ఫిర్యాదు కిందికి దిగిన మర్నాడే పంచాయతీ ఆఫీసుకు రమ్మని కబురు వస్తుంది. ఊరంతా ఒక్కటిగా ఉండాలి, కేసులెందుకు, రేపు మీ పిల్లలకు అవసరం పడితే మేం లేమా అంటారు. ఆ గదిలో కూర్చున్నవాడికి వాళ్ల పొలంలోనే కూలి, వాళ్ల దగ్గరే అప్పు ఉంటాయి. సంతకం పెట్టక ఏం చేస్తాడు? పెట్టకపోతే మరుసటి వారం నుంచి ట్రాక్టర్ రాదు, కిరాణా కొట్టులో ఉద్దెర బంద్. ఇలా వెలివేయడం, వెలివేస్తామని బెదిరించడం కూడా నేరమేనని అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన 2015 సవరణలో స్పష్టంగా చేర్చారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. అందుకే ట్రాక్టర్ రాని రోజు, ఉద్దెర ఆపిన రోజు నోట్‌బుక్కులో తేదీతో రాసి పెట్టుకోమని మావాళ్లకు చెబుతాను. వాటిమీద విడిగా రెండో ఫిర్యాదు పెట్టాలి. మొదటిదానితో కలిపితే మళ్లీ రాజీలోనే కొట్టుకుపోతుంది.

ఏ చట్టం కింద అడుగుతున్నాం అన్నది చాలా ముఖ్యం. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో శిక్ష నెల నుంచి ఆరు నెలలు, జరిమానా వంద నుంచి ఐదొందలు. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో, 1985లో కారంచేడు దళితుల నెత్తురు పారిన తర్వాత వచ్చిన చట్టంలో, ఇలాంటి చాలా నేరాలకు ఆరు నెలల నుంచి ఐదేళ్లు. హోటళ్లలాంటి చోట్ల అందరూ వాడే పాత్రలు వాడనివ్వకపోవడం కూడా 2015 సవరణ తర్వాత ఇందులోకి వచ్చింది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి. బాధితులకు ప్రభుత్వ సాయం నేరాన్నిబట్టి 85,000 నుంచి 8,25,000 రూపాయల దాకా ఉంది. పాత చట్టానికీ ఒక బలం ఉంది. బాధితుడు ఎస్సీ అయితే, ఆ పని అంటరానితనం వల్ల కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాడే. అందుకే మేం రెండు చట్టాల పేర్లూ రాస్తాం.

స్టేషన్‌లో ‘ముందు ఎంక్వైరీ చేసి చూద్దాం’ అంటే ఒప్పుకోవద్దు. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని అత్యాచారాల నిరోధక చట్టంలో 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ చెబుతోంది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఈ ఒక్క సెక్షన్ జిరాక్స్ చేతిలో ఉంటే ఎస్సై మాట్లాడే తీరే మారడం నేను కళ్లారా చూశాను. ప్రజావాణి రసీదు ఎఫ్ఐఆర్ కాదు, ఈ సంగతి వాడలో పెద్దవాళ్లకు పదే పదే చెప్పాలి. రసీదు చూసుకుని కేసు అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

అంటరానితనం వద్దని చెప్పడానికి ఆఫీసర్లు ప్రతి నెలా 30న ఊళ్లలో జరపాల్సిన పౌరహక్కుల దినోత్సవం గురించి ఒక్క మాట. మా వైపు అది ఎక్కువగా ఫొటోల వరకే. ఫ్లెక్సీ కడతారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, పోతారు. కానీ ఆ రోజు తహసీల్దార్, ఎస్సై ఇద్దరూ మన ఊళ్లోనే ఉంటారు కాబట్టి, వాళ్లను అటునుంచి అటే గుడి దాకా, కటింగ్ షాపు దాకా నడిపించండి. మేం అలా చేసిన ఊళ్లో షాపు రెండు వారాలు మూసుకుని, ఆ తర్వాత అందరికీ తెరుచుకుంది.

మార్కులు వేయమంటే, ఫిర్యాదు తీసుకోవడంలో ఐదుకు నాలుగు. ఊళ్లోకి వచ్చి చూడటంలో మూడు. ఏం చేశారో ఫిర్యాదు చేసినవాళ్లకు చెప్పడంలో సున్నా. రిపోర్టులో ఏం రాశారో తెలుసుకోవడానికి ప్రతిసారీ సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాల్సి వస్తోంది. అలా తెప్పించిన ఒక రిపోర్టులో ‘ఇరువర్గాలు సామరస్యంగా ఉన్నాయి’ అని ఉంది. మా వర్గం నుంచి ఎవర్ని అడిగారో అందులో లేదు. ఆ కాగితాన్నే, అత్యాచారాల నిరోధక చట్టం ఎలా అమలవుతోందో చూసే జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీకి ఇచ్చాం. కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి ఆ కమిటీ కూర్చోవాలి. అందులో ఎస్సీ సభ్యులు కూడా ఉంటారు, వాళ్ల నంబర్లు ముందే సంపాదించుకుంటే మంచిది.

ఒంటరిగా ఉన్నవాళ్లు, ఊళ్లో ఎవరి మద్దతూ లేనివాళ్లు ముందు 14566కు ఫోన్ చేయండి. అది ఈ చట్టాల కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్, టోల్ ఫ్రీ. అక్కడ ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసుకుని ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌కు రండి, దరఖాస్తులో ఆ నంబరు కూడా వేయండి.