ఫంగస్‌ను చంపాలా, దాని విషానికి అడ్డుపడాలా?

చంటిపిల్లల నాలుక మీద తెల్లపూత, ఆడవాళ్లను దురదతో, మంటతో వేధించే పెరుగు తరకల్లాంటి తెల్లబట్ట: రెండింటికీ చాలాసార్లు కారణం ఒకటే ఈస్ట్ (ఒక రకం ఫంగస్), కాండిడా ఆల్బికన్స్. మన నోట్లో, పేగుల్లో గుండ్రటి కణాలుగా చడీచప్పుడు లేకుండా బతుకుతుంది. అదను దొరికితే దారప్పోగుల్లా సాగి పైపొర కణాల్లోకి చొచ్చుకుపోతుంది.

అలా సాగినప్పుడే విషం వదులుతుంది. 2016లో లండన్ కింగ్స్ కాలేజీలోని జూలియన్ నాగ్లిక్ బృందం, మరికొందరు పరిశోధకులతో కలిసి దీన్ని బయటపెట్టింది. పేరు కాండిడలైసిన్. 31 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్, అంటే బుల్లి ప్రొటీన్ ముక్క. ఇది మన కణం పొరకు చిల్లులు పెడుతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది, కణం దెబ్బతింటుంది. ఆ దెబ్బకే కణం ఐఎల్-1, ఐఎల్-6 లాంటి రసాయన సంకేతాలు పంపి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను పిలుస్తుంది. దొంగ గోడకు కన్నం వేసే గునపమూ ఇదే, ఇంటివాళ్లను నిద్రలేపే చప్పుడూ ఇదే.

అందుకే ఏది మేలో తేల్చడం తేలిక కాదు.

మొదటి దారి, ఇప్పుడు వాడుతున్నది: ఫ్లూకోనజోల్ లాంటి మందులు. ఇవి ఫంగస్ పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం తయారీని ఆపుతాయి. ఆల్బికన్స్ పెరుగుదల ఆగుతుంది, మిగతా పని మన రోగనిరోధక శక్తిది. కానీ మందుకు లొంగని రకాలు పెరుగుతున్నాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో ఆల్బికన్స్ అత్యంత తీవ్రమైన వర్గంలో ఉంది.

రెండో దారి: ఫంగస్ జోలికి పోకుండా విషాన్ని మాత్రమే పట్టి కట్టేయడం. ఇది ఇంకా ప్రయోగశాల దాటలేదు. కాండిడలైసిన్‌కు అతుక్కునే నానోబాడీలను, అంటే బుల్లి యాంటీబాడీ ముక్కలను, ప్రయోగశాలలో పెంచిన పైపొర కణాల మీద పరీక్షించారు. కణాల నష్టం, వాపు పుట్టించే సంకేతాలు తగ్గాయి. నన్ను బాగా ఆకట్టుకున్నది ఇదే. యోనిలో న్యూట్రోఫిల్స్ గుంపులుగా వస్తాయి గానీ ఫంగస్‌ను సరిగా చంపలేవు. వాటి రాకే మంటను పెంచుతుంది. ఆ బాధ చాలావరకు మన సొంత సైన్యం పెట్టేది. మాటిమాటికీ తిరగబెట్టే స్త్రీలకు విషాన్ని ఆపే మందు వస్తే అదే మేలని నా గట్టి నమ్మకం. నెలల తరబడి మాత్రలు మింగుతూ, ఎవరికీ చెప్పుకోలేక నలిగేవాళ్లకు ఈ పరిశోధన త్వరగా అందాలి.

మెదడు దగ్గరకొచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. ఎలుకల్లో ఫంగస్ మెదడును చేరినప్పుడు అక్కడి కాపలా కణాలైన మైక్రోగ్లియా ఈ విషాన్ని పసిగట్టి న్యూట్రోఫిల్స్‌ను రప్పిస్తాయి, అవి ఫంగస్‌ను అదుపు చేస్తాయి. ఆ చప్పుడు నొక్కేస్తే దొంగకే లాభం. ఫంగస్ రక్తంలోకి, మెదడులోకి దిగితే చంపే మందే ముందు. అందులో నాకు సందేహం లేదు.

రెండో దారికి ఇంకో హద్దు కూడా ఉంది. ఆస్పత్రులను వణికిస్తున్న మరో జాతి, కాండిడా ఆరిస్‌కు ఈ విషం లేదు, కాండిడా గ్లాబ్రాటాకూ లేదు. భారతదేశపు ఐసీయూల్లో రక్తంలో ఎక్కువగా దొరికే కాండిడా ట్రాపికాలిస్‌కు మాత్రం ఈ విషానికి దగ్గరి చుట్టం లాంటి విషం ఉంది.