అయిదుగురికీ సామానుకూ సరిపోయే ఒంటి ఇంజన్ విమానం: రేణిగుంట నుంచి చూస్తే ఏది మేలు?

సొంత విమానం కొనదలచిన కుటుంబానికి అమ్మేవారు మొదట వేగం గురించి చెబుతారు, ఆ తరువాత సీట్లు లెక్కపెట్టి చూపిస్తారు. తిరుపతిలో కాపురముండే మా వంటి వారికి అంతకంటే ముందు తెలియవలసినవి మూడు ఉన్నాయి. ట్యాంకుల్లో ఇంధనం పోశాక ఇంకా ఎన్ని కిలోలు ఎక్కించవచ్చు, ఆ బరువు విమానంలో ఏ చోట పడుతుంది, వెళ్లిన ఊరిలో ఆ విమానం తాగే ఇంధనం దొరుకుతుందా? కుటుంబ ప్రయాణానికి తగినవని పేరున్న అయిదు విమానాలను ఈ మూడు ప్రశ్నలతోనే పరిశీలించాను. ఒక్కొక్కటి కొత్తగా కొనాలంటే పది లక్షల డాలర్లకు అటూఇటూగా, కొన్నిటికి అంతకంటే బాగా ఎక్కువగానే అవుతుంది కనుక, ధరను బట్టి వీటిలో ఎంచుకోవలసింది పెద్దగా లేదు.

లెక్కకు ముందు ఇంటిల్లిపాదినీ, ప్రయాణానికి కట్టిన సామానుతో సహా, కాటా మీద తూచాము. నేను, నా భార్య, మా అమ్మ, ఇద్దరు పిల్లలు కలిసి 285 కిలోలు. వారం రోజుల ప్రయాణానికి రెండు పెద్ద సూట్‌కేసులు, పిల్లల సంచులు, అమ్మకు మడత చక్రాల కుర్చీ, బంధువుల ఇంటికి ఉత్త చేతులతో వెళ్లలేము కనుక లడ్డూ ప్రసాదం, వేసవి అయితే మామిడిపండ్ల బుట్ట, అన్నీ కలిపి 70 కిలోలు. మొత్తం 355. కాగితం మీద మనిషికి సగటున ఇంత అని వేసుకునే లెక్కను చిన్న విమానం విషయంలో నమ్మకూడదు. పెద్ద విమానంలో ఒక మనిషి ఎక్కువైనా తక్కువైనా తెలియదు కానీ, ఇక్కడ ఒక్క సూట్‌కేసే ఒక గంట ప్రయాణానికి సరిపడే ఇంధనాన్ని దింపేయించగలదు.

రేణిగుంట రన్‌వే సముద్రమట్టానికి దాదాపు 350 అడుగుల ఎత్తులోనే ఉంది. రెండు కిలోమీటర్లకు పైబడిన పొడవు కనుక నేల మీద పరుగుకు ఇబ్బంది లేదు. కానీ మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి ఎంత పలచబడుతుందంటే, విమానం దాదాపు 3,700 అడుగుల ఎత్తు నుంచి బయలుదేరినట్లే ప్రవర్తిస్తుంది. టర్బో, అంటే పలచబడిన గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే పరికరం, లేని ఇంజన్ శక్తిలో పదో వంతు వరకు అక్కడే పోతుంది. టర్బో ఉంటే ఇంజన్ నిలదొక్కుకుంటుంది కానీ, రెక్కలకూ ప్రొపెల్లర్‌కూ దొరికే గాలి పలచగానే ఉంటుంది. పక్కనే శేషాచలం కొండలు, తిరుమల ఎత్తు రెండు వేల ఎనిమిది వందల అడుగుల దాకా. నిండు బరువుతో ఎక్కేటప్పుడు ఆ కొండల వైపు కాకుండా మైదానం వైపు ఎత్తు సంపాదించుకుని మలుపు తిరగడం మంచిది. అందుకే ఎంపికలో టర్బో ఉన్నవాటికే నేను మొగ్గు చూపుతాను.

సిరస్ ఎస్‌ఆర్‌22టీ గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే కుటుంబంతో ఎగిరేవారిలో ఎక్కువమంది మనసు దాని మీదకే పోతుంది. 315 అశ్వశక్తి టర్బో ఇంజన్, 25,000 అడుగుల వరకు ఎగరగల సామర్థ్యం, మొత్తం విమానాన్నే కిందికి దించే పారాచూట్ దాని ప్రత్యేకతలు. ఆ పారాచూట్ విలువ మన దారిని చూస్తేనే అర్థమవుతుంది. తిరుపతి నుంచి హైదరాబాదుకు నేరుగా 420 కిలోమీటర్ల లోపే, కానీ ఆ దారిలో శేషాచలం, నల్లమల అడవులు వస్తాయి. ఒకే ఇంజన్ ఉన్న విమానానికి ఆ అడవుల మీద ఆ ఇంజన్ ఆగిపోతే దిగడానికి చదునైన నేల వెతుక్కోవడం కష్టం. ఈ పారాచూట్ నిజమైన ఆపదలో ప్రాణం కాపాడటం 2002లో అమెరికాలోని టెక్సస్‌లో మొదలైంది. తిన్నగా, సమంగా ఎగురుతున్నప్పుడు తెరుచుకోవడానికి దాదాపు 600 అడుగుల ఎత్తు కావాలని, పదేళ్లకొకసారి దాన్ని విప్పి మళ్లీ సర్దించాలని కూడా కొనేవారు గుర్తుంచుకోవాలి.

ఇంత మంచి విమానంలో మా 355 కిలోలు పట్టవు. విమానం సొంత బరువు పోను అది మోయగలది సుమారు 565 కిలోలు. 92 గాలన్ల (సుమారు 348 లీటర్ల) ట్యాంకులు నింపితే ఇంధనమే 250 కిలోలు, మిగిలేది 315. కనుక దాదాపు 55 లీటర్ల ఇంధనం తగ్గించుకోవాలి. హైదరాబాదుకు అది సమస్య కాదు, అప్పటికీ నాలుగు గంటలకు పైగా ఎగరవచ్చు. అసలు చిక్కు సామాను గదిలో ఉంది. దాని పరిమితి 59 కిలోలు, మాకున్నవి 70. వెనుక సీటులో ముగ్గురు కూర్చోవచ్చని రాసి ఉంటుంది. పెద్దమనిషి ఒకరు, చిన్నపిల్లలు ఇద్దరు అయితే సరే. పిల్లలు కాలేజీకి వచ్చేసరికి అది ఇద్దరి సీటే అవుతుంది. నలుగురి కుటుంబం, తలా ఒక చేతిసంచి ఉన్నవారికి దీన్ని మించినది లేదని నా అభిప్రాయం.

బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా జీ36 లో కూర్చునే తీరు మాత్రం కుటుంబానికి చాలా బాగుంటుంది. వెనుక నాలుగు సీట్లు ఎదురెదురుగా ఉంటాయి, పక్కన పెద్ద తలుపు, 300 అశ్వశక్తి. బొనాంజా వంశం 1947లో మొదలైంది, దాని చక్కని పనితనం మీద ఉన్న గౌరవం ఊరికే రాలేదు. అయితే దీని ఇంధన ట్యాంకులు రెక్కల ముందు అంచు వైపు ఉంటాయి. ఎగురుతూ ఇంధనం ఖర్చయ్యే కొద్దీ విమానం బరువు కేంద్రం, అంటే మొత్తం బరువు ముందూ వెనుకా సమంగా తూగే చోటు, వెనక్కి జరుగుతుంది. బయలుదేరేటప్పుడు హద్దులో ఉన్న విమానమే, వెనుక సామాను దట్టించి ఉంటే, దిగే సమయానికి హద్దు దాటవచ్చు. వెనుక బరువెక్కిన విమానం చేతికి తేలిగ్గా, అస్థిరంగా ఉంటుంది, అదీ నేలకు దగ్గరలో. కాబట్టి బొనాంజాలో ఎక్కేముందు లెక్కను ఖాళీ ట్యాంకులతో కూడా వేసి చూడాలి, బరువైన పెట్టెలు ముందు వైపు సర్దాలి. ఇంజన్‌కు టర్బో లేకపోవడం కూడా మన ఎండల్లో దీనికి తక్కువే.

పైపర్ ఎం350 లో లోపలి గాలి ఒత్తిడిని నియంత్రించే ఏర్పాటు ఉంది. ఉబ్బసం, గుండె జబ్బు వంటివి ఉన్న పెద్దవారిని మేఘాల పైఎత్తున ఆక్సిజన్ గొట్టాలు పెట్టకుండా తీసుకువెళ్లడానికి ఈ తరగతిలో ఇది ఒక్కటే ఆధారం. కానీ 120 గాలన్ల ట్యాంకులు నింపితే మనుషులకూ సామానుకూ మిగిలేది మూడు వందల కిలోల లోపే. ఆరు సీట్లు చూసి ఆరుగురిని ఎక్కించాలనుకునేవారికి ఇది తగదు.

సామాను విషయంలో నన్ను పూర్తిగా మెప్పించింది సెస్నా టీ206హెచ్. 310 అశ్వశక్తి టర్బో ఇంజన్, ఆరు సీట్లు, మడవని చక్రాలు, కుడివైపు వెనుక రెండు రెక్కలుగా తెరుచుకునే సరుకు తలుపు. అదనపు బరువుకు ఆమోదం పొందిన రకమైతే సుమారు 650 కిలోలు మోస్తుంది. ట్యాంకులు నింపాక కూడా నాలుగు వందల కిలోలకు పైగా మిగులుతుంది. మా సామాను అంతా వేసి, మామిడి బుట్ట మరొకటి పెట్టినా లెక్క తప్పదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ సిరస్ రెక్క మీదికి ఎక్కడానికి ఎంత ఇబ్బంది పడ్డారో చూశాక, రెక్క పైన ఉండే ఈ విమానంలోకి వెనుక తలుపు గుండా సులువుగా ఎక్కవచ్చన్నది నాకు చిన్న విషయంగా తోచలేదు. ఎండలోనూ వానలోనూ ఆ రెక్కే నీడ. చక్రాలు మడిచే యంత్రాంగం లేదు కనుక మరమ్మతుల్లో ఒక పెద్ద పద్దు తగ్గుతుంది. వేగం మిగతావాటికంటే తక్కువే, హైదరాబాదుకు ఆ తేడా నిమిషాల్లో ఉంటుంది.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పక తప్పదు. ఫ్లాప్‌లు, అంటే దిగేటప్పుడు రెక్కల వెనుక అంచున కిందికి వంచే పలకలు, దించి ఉన్నప్పుడు ఆ సరుకు తలుపు ముందు సగం వాటికి తగిలి పూర్తిగా తెరుచుకోదు. ముందు కుడివైపు తలుపు కూడా లేదు. నీటిలో దిగవలసి వచ్చినప్పుడు వెనుక ఉన్నవారు బయటపడే పద్ధతి వేరుగా ఉంటుంది. దాన్ని పిల్లలతో సహా అందరికీ నేల మీద ఒకటికి రెండుసార్లు చేయించి చూపించాలి.

ఇంతవరకు చెప్పిన నాలుగింటికీ కావలసినది ఏవ్‌గ్యాస్, అంటే పిస్టన్ విమానాల పెట్రోలు. మన దేశం 2022 వరకు దీన్ని దిగుమతి మీదే తెచ్చుకునేది. ఆ ఏడాది సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ తన వడోదర శుద్ధి కర్మాగారం నుంచి దేశీయంగా అందించడం మొదలుపెట్టింది. మంచి మార్పే, అయినా పైలట్ శిక్షణ సంస్థలున్న చోట్ల దొరికినంత సులభంగా అన్ని విమానాశ్రయాల్లో దొరకదు. అమ్మను షిర్డీ తీసుకువెళ్లి, తిరుగు ప్రయాణానికి పీపాల్లో పెట్రోలు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసే పరిస్థితి కుటుంబ ప్రయాణానికి సరిపడదు.

అందువల్లనే అయిదవ విమానం, డైమండ్ డీఏ50 ఆర్‌జీ, నా లెక్కలో పైకి వచ్చింది. దీని 300 అశ్వశక్తి టర్బో డీజిల్ ఇంజన్ ప్రయాణికుల జెట్ విమానాలు వాడే జెట్ ఎ-1 తోనే నడుస్తుంది. యూరప్‌లో 2020లో ఆమోదం పొందింది. మోయగలది 559 కిలోలు. ట్యాంకుల్లో పట్టేది సుమారు 186 లీటర్లే, బరువు 150 కిలోల లోపు. అంత తక్కువ ఇంధనంతోనే, నిదానమైన వేగంతో 1,300 కిలోమీటర్లకు పైగా వెళ్లగలదు, ఎందుకంటే గంటకు తాగేది సిరస్ తాగేదానిలో దాదాపు సగం. ట్యాంకులు నింపాక మిగిలేది దాదాపు 410 కిలోలు. మా 355 పోను ఇంకా 55 కిలోల వెసులుబాటు ఉంటుంది. షిర్డీకి నేరుగా 870 కిలోమీటర్లు, మధ్యలో దిగకుండా వెళ్లి, దారి మళ్లవలసి వస్తే కావలసిన నిల్వ కూడా ఉంచుకోవచ్చు. పైలట్‌కు ఇంజన్ నియంత్రణ ఒకే మీటతో సరి. లోపాలూ ఉన్నాయి. సీట్లు అయిదే, పారాచూట్ లేదు, చక్రాలు మడిచే యంత్రాంగాన్ని శ్రద్ధగా చూసుకోవాలి. ఏసీ, మంచు తొలగించే ఏర్పాటు వంటివి చేర్చుకుంటే ఆ వెసులుబాటులో చాలా భాగం వాటికే పోతుంది. తిరుపతి ఎండలకు ఏసీ వద్దనుకోలేము కనుక, ఆ కిలోలను ముందే తీసివేసి లెక్క వేసుకోవాలి.

అయిదుగురి కుటుంబానికి రేణిగుంట నుంచి నేను సిఫారసు చేసేది డీఏ50 ఆర్‌జీ. అత్తగారిని కూడా కలుపుకుని ఆరుగురు వెళ్లవలసిన ఇల్లయితే టీ206హెచ్, కానీ దాన్ని కొనేముందు తరచుగా వెళ్లే ఊళ్లలో ఏవ్‌గ్యాస్ సరఫరా గురించి లిఖితపూర్వకంగా నిర్ధారించుకోవాలి. అటువంటి విమానం కొన్నవారు ఇంధనం పోసే సమయంలో దగ్గర నిలబడి చూడాలి. ఏవ్‌గ్యాస్ నీలి రంగులో ఉంటుంది, జెట్ ఇంధనం లేత గడ్డి రంగులోనో రంగు లేకుండానో ఉంటుంది. పెట్రోలు ఇంజన్‌లో జెట్ ఇంధనం పడితే విమానం లేచిన కొద్దిసేపటికే ఇంజన్ ఆగిపోతుంది. ఏ విమానం కొన్నా, ప్రచార పత్రంలోని అంకెలు కాక, ఆ ఒక్క విమానాన్నే తూచి రాసిన ఖాళీ బరువు పత్రం, బరువు కేంద్రం వివరాలతో సహా, బయానా ఇచ్చేముందే చేతికి తీసుకోవాలి.