పిల్లలతో మొదట ఏం వండించాలి: ఉగ్గానా, దోశెనా, సంగటా?

ఎండాకాలం సెలవులు వస్తే చాలు, "మా పాపకు 9 ఏళ్లు, వంట నేర్పిద్దామనుకుంటున్నా, దేంతో మొదలుపెట్టమంటారు?" అని అడిగేవాళ్లు ఎక్కువైపోతారు. మా అనంతపురంలో ఒకరు ఆమ్లెట్ అంటారు, ఒకరు దోశె అంటారు, ఇంకొకరు ఇప్పుడే ఎందుకులే అంటారు. నన్నడిగితే ఉగ్గాని, అంటే తడిపిన బొరుగులతో (మరమరాలతో) చేసే మన టిఫిన్.

రాగి సంగటి మన తిండే, అది చేయడం రాకుండా పిల్లలు పెద్దవాళ్లు కావడం నాకూ ఇష్టం లేదు. కానీ బియ్యం మెత్తగా ఉడికాక పిండి పోసి, మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా కట్టెతో గెలకాలంటే పెద్దవాళ్లకే చేతులు లాగేస్తాయి, ఆవిరి మొహానికి కొడుతుంది. అది హైస్కూలుకు వచ్చాక చూసుకోవచ్చు. అందాకా తడిపిన గిన్నెలో వేసి ముద్ద తిప్పే పని ఇవ్వండి, చాలు.

కారం దోశె సంగతి వేరే. ఎర్రకారం పూయడం, పప్పుల (పుట్నాల) పొడి చల్లడం పిల్లలకు భలే సరదా. అయితే బియ్యం, పప్పు నానబెట్టింది, రుబ్బింది, కారం నూరింది అంతా అమ్మే, వాళ్లకు మిగిలేది పోయడం, తిప్పడం. పైగా ఇంట్లో అందరికీ అయ్యేదాకా కాలే పెనం ముందే నిలబడాలి.

నేను ముఖ్యంగా చూసేది ఒక్కటే: తప్పు జరిగితే పిల్లలే సరిదిద్దుకోగలరా? పెనం మీద పడ్డ దోశెలో ఉప్పు తక్కువైతే చేసేదేం లేదు. ఉగ్గానిలో అట్లా కాదు. కారం ఎక్కువైందా, ఇంకొంచెం పప్పుల పొడి, నిమ్మరసం. బొరుగుల్లో నీళ్లు మిగిలాయా, ఆ పొడే పీల్చుకుంటుంది. పొడిపొడిగా ఉందా, చేత్తో నీళ్లు చిలకరిస్తే సరి. ఉప్పు మాత్రం మొదట తక్కువే వేయించండి, ఎందుకంటే బొరుగుల్లో ముందే ఉప్పు ఉండొచ్చు. "ఉప్పు సరిపోయిందా?" అని మిమ్మల్ని అడిగితే చెప్పకండి, చెంచా వాళ్ల చేతికే ఇవ్వండి.

పని కూడా చాలావరకు పొయ్యికి దూరంగానే. బొరుగులు తడపడం, పిండడం (మరీ పల్చటివి తేకండి, పిప్పైపోతాయి), ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), టమాటాలు తరగడం, కత్తిపీట వద్దు, చిన్న చాకు చాలు. మంట దగ్గర పని తిరగవాత (తాలింపు), ఎర్రగడ్డలు మగ్గించడం అంతే. స్టవ్ ఆపేశాక బొరుగులు, పొడి, నిమ్మరసం కలుపుకోవచ్చు.

ఆ తిరగవాత దగ్గరే అందరికీ టెన్షన్. కరివేపాకు కడిగాక బట్టతో తుడిపించండి, తడి లేకపోతే నూనె అంతగా చిమ్మదు. ఇంకొకటి, మన గ్యాస్ స్టవ్‌ల మీద నాబ్ తిప్పగానే ముందు పెద్ద మంట వస్తుంది, ఇంకా తిప్పితే సిమ్. మంట తగ్గిద్దామని సిమ్ నుంచి వెనక్కి తిప్పి పెద్దది చేసే పిల్లలే ఎక్కువ, కాబట్టి గిన్నె పెట్టకముందే నాబ్ తిప్పడం, ఆపడం అలవాటు చేయించాలి. వేలు కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి, పేస్టులూ గీస్టులూ వద్దు.

ఉగ్గానికి బజ్జీ లేకపోతే ఎట్లా అంటారా? బజ్జీలు మీరు వేయండి. శనగపిండి కలపడం దాకా పిల్లలది, కాగే నూనె మీది.

ఆమ్లెట్ తొందరగా అవుతుంది, చెడ్డదేం కాదు, కోడిగుడ్డు తినే ఇళ్లలో రెండో రోజు చేయించొచ్చు. నూడుల్స్ అంటే ప్యాకెట్ వెనక రాసింది చదివి చేయడమే, దాన్ని వంట అనలేను. ఇండక్షన్ స్టవ్ ఉంటే మంట భయం లేదు గానీ, ఆపేశాక కూడా దాని పైభాగం వేడిగానే ఉంటుందని చెప్పాలి.

ఉగ్గాని చేయి తిరిగాక చిత్రాన్నం పెట్టండి. తిరగవాత దాదాపు అదే, బొరుగుల బదులు అన్నం.