సైటోటెక్నాలజీ కోసం అసోసియేట్ డిగ్రీ: పన్నెండేళ్ల తరువాత నా సమీక్ష

ఇంటర్ బైపీసీ తరువాత పెళ్లయి న్యూజెర్సీ వచ్చిన నేను 2012లో ఒక కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీలో చేరాను. కోర్సు పేరులో సైటోటెక్నాలజీ (జబ్బుల జాడ కోసం కణాలను మైక్రోస్కోపులో పరీక్షించే పని) అన్న మాట ఉండడంతో, రెండేళ్లు గడిస్తే ఉద్యోగానికి అర్హత వస్తుందని నమ్మాను. ల్యాబ్ ఉద్యోగులకు అర్హత పత్రాలిచ్చే ఏఎస్‌సీపీ సంస్థ సర్టిఫికేషన్ పరీక్ష రాయాలంటే బ్యాచిలర్ డిగ్రీతో పాటు, ఆరోగ్యరంగ కోర్సులను పరిశీలించే కాహెప్ సంస్థ గుర్తింపు పొందిన సైటోటెక్నాలజీ శిక్షణ కూడా ఉండాలని మూడో సెమిస్టరులో గాని తెలియలేదు. చేరేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అయినా ఆ రెండేళ్లు వృథా కాలేదు. ఫీజు తక్కువ, జీవశాస్త్రం, గణితం క్రెడిట్లు యూనివర్సిటీకి బదిలీ అయ్యాయి. రసాయనశాస్త్రం మాత్రం సైన్సు విద్యార్థుల స్థాయిది కాదని ఒప్పుకోకపోవడంతో మళ్లీ చదివాను. అందుకే ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో బదిలీ ఒప్పందాన్ని కాగితం మీద చూసుకున్నాకే ఫీజు కట్టాలని అడిగినవారందరికీ చెబుతున్నాను. మన దగ్గర బీఎస్సీ పూర్తిచేసి వచ్చినవారైతే, ముందు ఆ డిగ్రీని మూల్యాంకనం చేయించుకోవడం మంచిది. వారికి అసోసియేట్ డిగ్రీ అవసరమే ఉండకపోవచ్చు.

అసలు శిక్షణను ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువగా చూడమనేది మైక్రోస్కోపు ముందు గడిపే సమయాన్ని, అందులోనూ పాప్ స్మియర్లు (గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాల స్లైడ్లు) కాని నమూనాలకు దక్కే వాటాను. 2014లో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కారణమయ్యే వైరస్‌ను పట్టే హెచ్‌పీవీ పరీక్షను ఒక్కదాన్నే ప్రాథమిక స్క్రీనింగుగా వాడడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. నా అనుభవంలో అప్పటినుంచి బల్ల మీదికి వచ్చే పాప్ స్లైడ్లు తగ్గుతూ వచ్చాయి. థైరాయిడ్, ఊపిరితిత్తులు, క్లోమం నుంచి సూదితో తీసిన నమూనాల పని పెరిగింది. ఊపిరితిత్తుల్లోకి గొట్టం పంపి చూసే బ్రాంకోస్కోపీ గదిలో డాక్టరు పక్కన నిలబడి, త్వరగా పట్టే డిఫ్‌క్విక్ రంగు వేసిన స్లైడును అక్కడికక్కడే చూసి, కణాలు సరిపోయాయో, మరొకసారి సూది వేయాలో చెప్పగలగడం తరగతి గదిలో అబ్బే విద్య కాదు. నా శిక్షణలో దానికి కేటాయించింది రెండు వారాలే. ఆ లోటు తీరడానికి ఉద్యోగంలో చేరాక ఏడాది పట్టింది.

స్లైడ్లు చూసే ఓర్పు కూడా శిక్షణలోనే రావాలి. అమెరికాలో ల్యాబ్‌ల నాణ్యతకు సంబంధించిన క్లియా నిబంధన ప్రకారం ఒకరు 24 గంటల్లో 100 స్లైడ్లకు మించి చూడకూడదు. గర్భాశయ ముఖద్వార స్లైడ్లు చూసేవారికి ఏటా 10 స్లైడ్లతో రెండు గంటల పరీక్ష ఉంటుంది, అందులో 90 శాతం రావాలి. ఒక్క అసాధారణ కణాన్ని దాటవేస్తే ఒక స్త్రీకి చికిత్స ఆలస్యమవుతుందన్న ఎరుకతోనే నేను ప్రతి ట్రే ముందు కూర్చుంటాను.

ఇప్పుడు పలు విద్యాసంస్థలు ఈ శిక్షణను మాస్టర్స్ స్థాయికి మార్చాయి కనుక, అసోసియేట్ డిగ్రీతో మొదలుపెట్టేవారు రెండేళ్లకు కాదు, ఆరేళ్లకు పైగా ఖర్చు లెక్కవేసుకోవాలి.