ఫోస్టర్ కేర్‌లో పిల్లను పెంచుతున్నాం: మా అనుభవంలో మంచీ చెడూ

మా ఇంట్లో బడికి పోయే వయసు ఆడపిల్ల ఒకతి ఉంది. మేం కనలేదు, దత్తత తీసుకోలేదు. ఫోస్టర్ కేర్ కింద వచ్చి మా దగ్గర పెరుగుతోంది. వరంగల్ వైపు ఈ పద్ధతి ఒకటుందని తెలిసినవాళ్లే తక్కువ. మా సంగతి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు. ఏళ్ల తరబడి ఇందులో ఉన్నాం కాబట్టి ఏది బాగుందో, ఏది బాగాలేదో ఒకసారి వివరంగా రాద్దామనిపించింది. పిల్ల పేరు, మా ఊరు, బడి, ఆఫీసు ఏవీ చెప్పను. ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని పిల్లల రక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 నిషేధించింది. ఆ సెక్షన్ లేకపోయినా చెప్పేదాన్ని కాదు.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది దత్తతకూ దీనికీ ఉన్న తేడా. 2015 నాటి ఆ చట్టంలోనే సెక్షన్ 44 ఫోస్టర్ కేర్ గురించి చెబుతుంది. కన్నవాళ్లు పెంచలేని స్థితిలో ఉన్నప్పుడు పిల్లలను బాలల హోంలో ఉంచే బదులు ఒక కుటుంబానికి అప్పగిస్తారు. బాలల సంక్షేమ సమితి, అంటే అందరూ సీడబ్ల్యూసీ అనేది, ఆర్డర్ ఇస్తేనే పిల్ల మన ఇంటికి వస్తుంది. పరిస్థితి మారితే తిరిగి కన్నవాళ్ల దగ్గరికి పంపేదీ వాళ్లే. ఇంటిపేరు మారదు, వారసత్వ హక్కు రాదు. కన్నవాళ్లు వచ్చి చూసిపోవచ్చు.

దత్తతకు ఏళ్లకేళ్లు ఆగాలి, ఇదైతే తొందరగా అవుతుందని ఎవరో చెబితే ఆశతో వచ్చే దంపతులు ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. దత్తతకు ఇవ్వదగిన పిల్లలను దీర్ఘకాలం ఫోస్టర్ కేర్‌లో పెట్టకూడదని సెక్షన్ 44లోనే రాసి ఉంది. ఫోస్టర్ కేర్‌పై కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన 2024 మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు పెంచినవాళ్లు దత్తతకు అడగొచ్చు, ఇదివరకు ఆ గడువు అయిదేళ్లు. అయితే పిల్లను చట్టప్రకారం దత్తతకు అర్హురాలని ప్రకటించి ఉండాలి. మా పిల్లకు అమ్మ ఉంది. బిడ్డను వదులుకునే ఉద్దేశం ఆమెకు లేదు. అది తెలిసే మేం ఒప్పుకున్నాం.

ప్రైవేటు ఏజెన్సీకి ఫీజు కట్టే పని ఇందులో లేదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగమనే ప్రభుత్వ ఆఫీసే అంతా చూస్తుంది. ఇప్పుడు దరఖాస్తు కేరింగ్స్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పెట్టాలి. ఆధార్, ఆదాయం, పెళ్లి సర్టిఫికెట్, ఇంట్లో అందరి మెడికల్ రిపోర్టులు, పోలీసు విచారణ... కాగితాల పని విసుగు పుట్టిస్తుంది కానీ కష్టమైంది కాదు. పెళ్లి కానివాళ్లు, భర్త పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు కూడా 35 నుంచి 60 ఏళ్ల లోపు వారైతే 2024 నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఒంటరి మగవాళ్లకు మాత్రం ఆడపిల్లను ఇవ్వరు.

మొత్తంలో నాకు బాగా నచ్చింది హోమ్ స్టడీ, అంటే పిల్లను ఇచ్చే ముందు మన ఇంటికొచ్చి చేసే విచారణ. ఇల్లు శుభ్రంగా ఉందా అని చూసి పోతారనుకున్నాం. వచ్చిన సోషల్ వర్కర్ పిల్ల ఎక్కడ పడుకుంటుందో చూసింది, బాత్రూం తలుపు గడియ వేసి తీసి చూసింది, మా అబ్బాయిని పక్కకు పిలిచి విడిగా మాట్లాడింది. ‘రేపు వాళ్లమ్మ కోలుకుని నా బిడ్డను నాకియ్యండి అంటే ఏం చేస్తారు?’ అని మా ఆయన్ని అడిగింది. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. ‘ఏడుస్తాం మేడం, అయినా పంపిస్తాం’ అన్నాడు చివరికి.

మా అత్తమ్మ ‘మనోళ్ల పిల్లేనా బిడ్డా?’ అని అడిగేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. సోషల్ వర్కర్ మాత్రం తగ్గలేదు. ‘మీకా పట్టింపు ఉంటే ఇప్పుడే చెప్పండమ్మా. రేపు కంచం దగ్గర తేడా చూపిస్తే పిల్ల రెండోసారి దెబ్బ తింటది’ అంది. అత్తమ్మ ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత తన గదిలోనే పిల్లకు మంచం వేయమంది. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా పిల్లను మా ఇంటికి పంపి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ భయమేస్తుంది.

పిల్ల వచ్చిన కొత్తలో తిన్న కంచం తనే తోముకుని, తుడిచి, తీసుకెళ్లి మంచం కింద పెట్టుకునేది. హోంలో ఎవరి కంచం వాళ్లే దాచుకోవాలి, లేకపోతే పూటకు దొరకదు. నేను వద్దనలేదు. వంటగది స్టాండులో ఒక అర చూపించి, ‘ఇది నీదే, ఇందులో ఎవరూ చెయ్యి పెట్టరు’ అన్నాను. కంచం అక్కడికి చేరడానికి చాలాకాలం పట్టింది. నన్ను ఏమని పిలవాలో తననే తేల్చుకోనివ్వమని ఆఫీసులో ముందే చెప్పారు. పెద్దమ్మా అంటుంది. సద్దుల బతుకమ్మకు తంగేడు, గునుగు తెచ్చి అత్తమ్మా తనూ కలిసే పేరుస్తారు.

వాళ్లమ్మ వచ్చే రోజంటే మొదట్లో నాకు టెన్షన్. ఆమెకు ఆరోగ్యం బాగుండదు, కూలికి కూడా పోలేదు. ఒకసారి పిల్లకు తల దువ్వుతూ ‘అక్కా, దీనికి వంకాయ పడది, ఒంటిమీద దద్దులొస్తయి’ అంది. పిల్ల ఫైలులో ఆ ముక్క లేదు. మేమేమో ఆ దద్దులకు సబ్బులు మారుస్తూ ఉన్నాం. అప్పటినుంచి పిల్ల సంగతి ఏదున్నా ముందు ఆమెనే అడుగుతున్నాను.

ఇక బాగాలేనివి. పిల్ల ఇంటికి వచ్చేదాకా ఉన్న శ్రద్ధ ఆ తర్వాత లేదు. ప్రతి నెలా వచ్చి పిల్ల ఎలా ఉందో చూడాలని చట్టంలో ఉంది. మా విషయంలో అది పోనుపోను ఫోన్ కాల్‌గా మారింది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తారు, అవి కొన్నిసార్లు రెండు మూడు నెలలవి కలిపి పడతాయి. డబ్బు కోసం చేసే పని కాదు నిజమే, కానీ చిన్న జీతం మీద బతికే ఇంటికి అది లెక్కే. అమ్మ వచ్చి వెళ్లాక పిల్ల రోజుల తరబడి మాట్లాడకుండా ఉండేది. అప్పుడు మాకు కౌన్సెలర్ కావాలి. ఎంత అడిగినా దొరకలేదు. చివరికి మేమే ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించుకున్నాం. ఫోస్టర్ కేర్‌లో ఉన్న ప్రతి పిల్లకూ ఒక కౌన్సెలర్ ఉండాల్సిందే. ఈ విషయంలో నేను రాజీపడను.

బడిలో చేర్చేటప్పుడు సీడబ్ల్యూసీ ఆర్డర్ చూపిస్తే ‘ఇదేం కాగితం, కోర్టుది తెండి’ అని పిల్ల ముందే అన్నారు. ఆఫీసు నుంచి ఫోన్ చేయించాక గానీ చేర్చుకోలేదు. కాబట్టి బడికి వెళ్లే ముందే ఆఫీసు నుంచి ఒక లెటర్ తీసుకోండి, పిల్లను బయట కూర్చోబెట్టి మీరొక్కరే లోపలికెళ్లి మాట్లాడండి. ఆర్డర్ జిరాక్సులు నాలుగైదు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి, ఆసుపత్రిలో కూడా అడుగుతారు.

ఇన్ని ఇబ్బందులున్నా, మళ్లీ చేస్తారా అంటే చేస్తాం. మీకు ఆసక్తి ఉంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఎక్కడుందో కలెక్టరేట్‌లో అడిగి నేరుగా వెళ్లండి, మధ్యలో ఎవరినీ పెట్టుకోకండి. డబ్బిస్తే పిల్లను ఇప్పిస్తామని ఎవరైనా వస్తే అది పిల్లల అమ్మకం, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి చెప్పండి.