అదిమితే ఆగిపోయే పాలిషర్: మూడేళ్ల వాడకం తర్వాత

కారు పెయింట్‌కు మెరుపు తెచ్చే ఈ డ్యూయల్ యాక్షన్ పాలిషర్ (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే మిషన్) నా చేతికొచ్చి మూడేళ్లు దాటింది. వాట్లు, వేగాలు పెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒక్క గుణం గురించే. గట్టిగా అదిమితే దీని ప్యాడ్ తిరగడం మానేస్తుంది.

ఈ గుణం నాకెంత అపురూపమో రోటరీ అనే రెండో రకం పాలిషర్‌తో దెబ్బతిన్నవాళ్లకి తెలుస్తుంది. రోటరీలో ప్యాడ్‌ను మోటారే నేరుగా తిప్పుతుంది. అదిమినా ఆగదు, వేడంతా ఒకేచోట పోగవుతుంది. ఫ్యాక్టరీ పెయింట్ మీద క్లియర్ కోట్, అంటే రంగు పైన ఉండే పారదర్శక పొర, మామూలుగా 40, 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, అంచుల దగ్గర ఇంకా పలచన. ఒకసారి డోరు అంచు మీద రోటరీ కాస్త ఎక్కువసేపు నిలిచింది. కింది రంగు తేలిపోయింది, డోరు మొత్తానికి మళ్లీ పెయింట్ వేయాల్సి వచ్చింది. ఈ మిషన్‌తో ఇప్పటిదాకా ఒక్క అంచూ పోలేదు. మాస్కింగ్ టేపు మాత్రం ఇప్పటికీ వేస్తాను.

మొదటి ఏడాది కనిపించినవాళ్లందరికీ ఇదే కొనమని చెప్పాను. ఆ తర్వాత మా అన్నయ్య నల్ల కారు వచ్చింది. కొత్తగా వేసిన పెయింట్, నారింజ తొక్కలా బొడిపెలు బొడిపెలుగా ఉంది. వాటర్ పేపర్‌ను (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబర్ పెరిగేకొద్దీ నునుపు) షాంపూ చుక్కలు వేసిన నీళ్లలో నానబెట్టి 1500 నంబర్‌తో మొదలుపెట్టి 2000, 3000 దాకా రుద్దాను. తర్వాత మైక్రోఫైబర్ ప్యాడ్, గీతలను అరగదీసే కాంపౌండ్ పేస్టు. సాయంత్రానికి బానెట్‌లో నా ముఖం స్పష్టంగా కనిపించింది. వెనక చక్రం మీది ఉబ్బు కూడా అంతే మెరిసింది. తృప్తిగా పడుకున్నాను.

మర్నాడు కడిగి ఎండలో పెడితే ఆ ఉబ్బు మీద పొగ పట్టినట్టు మసక. దగ్గరికెళ్లి చూస్తే నేను పేపర్ రుద్దిన వైపుగానే సన్నని గీతలు, వరసగా. మొదట కాంపౌండ్‌నే అనుమానించాను. కానీ రెండో వైపు ఉబ్బును నూనెను తీసేసే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచినా అవే గీతలు బయటపడ్డాయి. అంటే అవి అసలు పోనేలేదు. కాంపౌండ్‌లోని నూనె వాటిని నింపి కప్పేసింది, షాంపూతో కడగ్గానే ఆ నూనె పోయింది.

కారణం పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. ప్యాడ్ బిగించే ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీసి మిషన్ నడిపాను. బానెట్ మీద గీత చక్కగా గుండ్రంగా తిరిగింది. ఉబ్బు మీదికి తీసుకెళ్లగానే ఒకేచోట నిలబడి వణికింది. ప్యాడ్ తిరగకుండా అదిరితే కోత దాదాపు ఉండదు. గీతలు పోవాలని నేను ఇంకా అదిమాను, అదిమేకొద్దీ అది ఆగింది. అంచులను కాపాడిన గుణమే ఇక్కడ పని ఎగ్గొట్టింది, పైగా శబ్దంలో నాకు తేడా కూడా తెలియలేదు.

ఇప్పుడు ఆ గీత చెరిగిపోతే వెంటనే మళ్లీ గీస్తాను. ఒంపుల మీద చేతి బరువు తగ్గించి, ప్యాడ్‌ను వీలైనంత చదునుగా ఆనించి, వేగం ఒక మెట్టు పెంచుతాను. ప్యాడ్‌లో చేరిన పొడిని భాగం భాగానికీ బ్రష్‌తో దులుపుతాను. అలా చేసినా లొంగని ఒంపులుంటాయి. వాటికి అటకెక్కించిన రోటరీనే దించి, ఉన్ని ప్యాడ్‌తో జాగ్రత్తగా కోసి, అది వదిలే మసక సుడులను ఈ మిషన్‌తో తీసేస్తున్నాను. రోటరీ ఇక అక్కర్లేదని అప్పట్లో అన్నాను గానీ, ఇప్పుడు ఆ మాట అనలేను.

నేను ఏడాదికి మూడు నాలుగు కార్లు చేస్తాను, తొందర ఉండదు, అన్నీ తెలిసినవాళ్లవే. పెయింట్ పాడు చేస్తానేమోనన్న భయమే నాకు పెద్దది, అందుకే దీన్ని వదలను. రోజూ కారు నిండా పేపర్ కొట్టి బఫింగ్ చేసేవాళ్లకు ఇదొక్కటే సరిపోతుందని మాత్రం చెప్పలేను.